పాస్టరుగారి తెల్ల అంగీ

సముద్రమొడ్డు పేట,
ఆగస్టు 2010

పాస్టరు నరసింగరావు బాబుకి, ఎండుచేపల తాతమ్మ సెప్పి రాయించేది.

నువ్వు సల్లగా ఉండాల. ఉన్నావని తెలుసు, ఇజీనగరంలో బావమరిది మేడ మీదున్నోడికి ఏటి కొరత. సెల్లుకి కొడితే ఆపేసుందంటన్నాది. అందుకే నా మనవరాలు కుట్టుమిషను దేవిని కూకోబెట్టి రాయిస్తన్నాను.

నేను మీ సంఘందాన్ని కాను, అమ్మోరికి మొక్కేదాన్ని. అయినా మీ సర్చి మైకు మా వీధికీ ఇనబడతాది. పందిజొరం ఒచ్చిన ఆదివారం నువ్వేటి సెప్పినావు? ఒకరి గుమ్మం ఒకరు తొక్కొద్దు, దేవుడికి అదే ఇష్టం అన్నావు. సెప్పి బస్సెక్కీసినావు. ఇప్పుడు మీ సంఘం లక్ష్మణమ్మ, నా ఈడుది, జొరంతో తలుపేసుకుని పడున్నాది. గెంజి పట్టికెళ్తే గడియ తియ్యదు. "పాస్టరుగారు ఒద్దన్నారు తాతమ్మా, ఎల్లిపో" అంటాది లోపట్నించి. మీ జోగయ్యా అంతే.

దూరముండమన్నావు, సరే. వదిలెయ్యమన్నావా? వదిలెయ్యొద్దన్న ఆ రెండో ముక్క నీ నోటితోనే ఒచ్చి సెప్పు. నా మాట లక్ష్మణమ్మ ఇనదు, ఇనకపోతే బతకదు.

ఇట్లు, ఏలిముద్ర ఏసిన తాతమ్మ.

మరో మాట: సర్చిలో మేకుకి తగిలించి నువ్వు మర్సిపోయిన తెల్ల అంగీ పొద్దుగూకేక వీధుల్లో తిరగతన్నాది. సూసినోళ్ళున్నారు.

దేవి మాట: అయ్యగారూ, తిట్లు తీసేసి రాశాను. అందుకే ఉత్తరం చిన్నదైంది.

*

విజయనగరం

పెద్దలు తాతమ్మగారికి, నరసింగరావు వందనాలు.

మీ క్షేమం కోరి ప్రార్థిస్తున్నాను. నేను చెప్పింది డాక్టర్లు చెప్పిందే. కాపరి పడిపోతే మందకు దిక్కుండదని సంఘ పెద్దలే నన్ను ఇక్కడికి పంపారు. పంపమని వారిని నేనే అడిగాననుకోండి. లక్ష్మణమ్మగారిని రోజూ ప్రార్థనలో పేరు పెట్టి తలుస్తున్నాను.

అంగీ సంగతికి కంగారు పడకండి. బట్ట నడవదు. గాలికి ఎగిరి ఉంటుంది.

ప్రార్థనలతో,
నరసింగరావు

తా.క.: ఏ వైపు ఎగిరిందో రాయండి. విజయనగరం దారి దానికి తెలుసా?

*

సముద్రమొడ్డు పేట

బాబుకి తాతమ్మ రాయించేది, ఈసారి కోపం తగ్గించుకుని.

గాలి కాదు. గాలి తలుపు కొట్టి, తీసేదాకా ఆగదు. అంగీ జోగయ్య గుమ్మం ముందు నిలబడ్డాది. ముసుగేసుకున్నాది, మొకం కనబళ్ళేదు. మాటాడదు. గెంజిగిన్నె గట్టు మీదెట్టి, ఎనక్కి జరిగి, తాగేదాకా సూస్తాది. నువ్వే అనుకుని జోగయ్య గడియ తీసినాడు. లక్ష్మణమ్మా తీసింది. రెండు గుక్కలు తాగింది. లేవలేదు గానీ, కళ్ళు తెరిసింది.

పేటలో అందరూ నీ మీద జాలిపడతన్నారు. జొరమొచ్చి పాస్టరుగారు పొట్టోరైపోయారు, అంగీ నేల మీద ఈడుస్తన్నారు, ఒంటి నుంచి ఎండుచేపల కంపొస్తన్నాది, పాపం అంటన్నారు. నీ పరువు కోసమైనా రా.

కాసుకుని ఉన్న తాతమ్మ.

మరో మాట: అది తిరిగేటప్పుడు కుక్కలు అరవవు. తోకలు ముడుసుకుని సముద్రం ఏపు సూస్తాయి. అదొక్కటీ నాకు నచ్చలేదు.

దేవి మాట: నిన్న అంగీ జోగయ్య ఇంటి ముందు ఉండగానే, అవతల పడవల దగ్గర కూడా తెల్లగా ఒకటి నిలబడి ఉంది. ఇది అమ్మమ్మకి చెప్పలేదు.

*

విజయనగరం

తాతమ్మగారికి నమస్కారం.

జోగయ్య మా బావమరిది ఇంటికి ఫోను చేసి ఏడ్చాడు. మీరు తెచ్చిన గంజితో బతికానయ్యా అన్నాడు. కాదనబోయాను. స్పీకరులో ఆ మాట విని ఇంట్లో అందరూ అప్పటికే లేచి నిలబడ్డారు. "అది నా బాధ్యత" అన్నాను. ఆ పూట అన్నం సయించలేదు.

బస్టాండు దాకా వెళ్ళి తిరిగొచ్చాను. నేను రాలేనమ్మా. జ్వరమంటే భయం. ఇప్పుడు అంగీ అన్నా భయమే. లోపల ఎవరున్నారో తెలిస్తే రాయండి. ఎవరూ లేకపోతే రాయొద్దు.

నరసింగరావు

తా.క.: అది చేతులు కడుక్కుంటోందా?

*

సముద్రమొడ్డు పేట

నరసింగరావు బాబుకి, తాతమ్మ దీవెన.

నీ ఉత్తరం ఒచ్చిందంట. తరవాత సదువుతానంటన్నాది దేవి. మనిషివే ఒచ్చెల్లినాక ఉత్తరమెందుకులే.

అంగీలో ఉన్నది నేనే. నా మాటకి తియ్యని గడియ నీ బట్టకి తీస్తారని ఏసుకున్నాను. మూతికి గుడ్డ కట్టుకున్నాను, ఎవుల్నీ తాకలేదు, నువ్వన్న దూరంలోనే నిలబడ్డాను. అయినా నాకూ జొరం తగిలింది.

నిన్న పొద్దుగూకతంటే నువ్వొచ్చినావు. గుమ్మం కాడ ఆగలేదు. నా తలెత్తి గెంజి పోసినావు. నీ సెయ్యి సముద్రం నీరులా సల్లగా ఉన్నాది. మోకాళ్ళ దాకా తడిసున్నావు. అంగీకి ఒక సెయ్యి లేదేటి బాబూ అంటే పలకలేదు. దాసుకున్న తిట్లన్నీ తిట్టీసినాను, కూకుని ఇన్నావు. లక్ష్మణమ్మ లేస్తాదా అంటే తలూపినావు.

పొద్దున ఆ లక్ష్మణమ్మే నా గుమ్మం కాడికి గిన్నెట్టుకొచ్చింది. దూరంగా నిలబడి, తాగేదాకా సూసింది. పిరికోడని రాయించిన మాట ఎనక్కి తీసుకుంటన్నాను.

తేరుకుంటున్న తాతమ్మ.

మరో మాట: మళ్ళీ ఒస్తే తలుపు కొట్టి రా. గడియేసిన తలుపులోంచి రావడం మర్యాద కాదు.

దేవి మాట: పిరికోడన్న మాట నేను ముందే రాయలేదు, కనుక దాన్ని వెనక్కి పంపనవసరం లేదు. మీరు రాలేనన్న ఉత్తరం అమ్మమ్మకి చదివి వినిపించలేదు. అంగీ నేల మీద ఈడుస్తోందని, తన ఎత్తుకి కత్తిరించమని అమ్మమ్మ జ్వరం రాకముందే నాకిచ్చింది. అప్పట్నించీ తాళం వేసిన నా కొట్లోనే ఉంది. పొడవు తగ్గించడానికి దాని కుడి చెయ్యి ఊడదీసి మిషను సొరుగులో పెట్టాను. ఇవాళ తాళం తీస్తే మడత చెదరలేదు. కింద మాత్రం మోకాళ్ళ ఎత్తు దాకా తడి, ఇసుక.

పగటి బస్సుకి రండి అయ్యగారూ. ఆ చెయ్యి ఎవరి కొలతకి కుట్టాలో నాకు తెలియడం లేదు.