బాపు వేళ్ల కింద డప్పు

బాబుపేట్, చంద్రపూర్

తమ్మీ గోపాల్‌కు,

నీ అక్క దీవించి రాసేది. ఇక్కడ మేమందరం మంచిగున్నం, ఆ మంచుకొండ మీద నువ్వు గూడ మంచిగుండాలె. తెలుగుల ఎందుకు రాసినవ్, కూడబలుక్కొని చదువుడు కష్టమైతుంది అంటవ్. మరాఠీల రాస్తే నీ పక్క మంచం ప్రమోద్ ముందే చదివి నీకు కథ చెప్తడు. మెల్లగ చదువు, తొందరేం లేదు. తొందరంతా నాకే, చెయ్యి ఆగుతలేదు!

నువ్వడిగినయి ఒక్కొక్కటే చెప్త. అవ్వకు మోకాళ్ల నొప్పి తగ్గింది. పొద్దుగాల బజారుకు నడిచే పోతుంది, కూరగాయలామెతోటి మరాఠీల కొట్లాడి కొత్తిమీర ఊకెనే తెచ్చుకుంటుంది. నాగపూర్ కంపెనీ సాఫ్ట్‌వేర్ పని నేను ఇంట్లకెల్లే చేస్తున్న. "బాపుకు నా మీద కోపం ఇంకా ఉన్నదా" అని అడిగినవ్ సూడు, దానికి ఆఖరుకు చెప్త. ముందుకు దూకి చదివినవంటే నీ పని చెప్త.

ఘుగ్గుస్ రోడ్డు మీద స్కూటర్ మీదికెల్లి పడ్డంక బాపుకు భుజానికి డప్పు తగిలించుకునుడు అయితలేదని నీకెరికే. లాల్‌పేట్ బొగ్గు బాయిల నౌకరి చేసినన్నొద్దులు గూడ పెండ్లికి, పండుగకు డప్పు ఇడువని మనిషి. ఇప్పుడు పోశం కాక డప్పుల జట్టు మన గల్లిల కొట్టుకుంట పోతుంటే తలుపేసుకొని కూసుంటుండు. నాకు పాణం ఊరుకోలే. బరువుతోటే కదా కష్టం, వేళ్లు మంచిగనే ఉన్నయి కదా అని, ఫోన్‌ల డప్పు యాప్ మొదలువెట్టిన. ఫోన్ ఒడిల పెట్టుకొని కుడి వేళ్లతోటి లావు కట్టె సిర్ర దెబ్బ, ఎడమ వేళ్లతోటి సన్న కట్టె సిటికెన పుల్ల దెబ్బ. పక్కన పెద్ద స్పీకర్. బాపు మళ్ల జట్టుల కూసోవాలె, గంతే నా పంతం.

సులువే అనుకున్న. అబ్బో! ఒక్క వేలైతే ఫోన్ బుద్ధిగ వింటది. రెండు చేతులు పడ్డయా, ఆగమాగమే. ఒక్కొక్క వేలికి అది ఒక నంబర్ ఇస్తది. మొదటి నంబర్ అంటే కుడి చెయ్యి అని నేను నమ్మిన. బాపు రెండు చేతులు లేపి ఈసారి ఎడమ వేలు ముందుగల పెట్టిండు. నంబర్ దానికి పోయింది, సిటికెన పుల్ల కొడితే సిర్ర మోగింది! వేలు ఒత్తిపట్టి ఉంచితే గలగల మోగాలె, లేపితే ఆగాలె. లేపిన కబురు ఫోన్ ఒక్కోసారి చెప్పనే చెప్పదు, ఇగ మోగుడే మోగుడు. అవ్వ వంటింట్లకెల్లి "దాని గొంతు పిసుకవే!" అని ఒర్లింది. మూడు వేళ్లు కలిసి కిందికి జారితే, తెరను ఫొటో తియ్యమన్నరనుకొని మన డప్పును నడిమిట్ల ఇడిసిపెట్టింది.

ఆఖరుకు ఫోన్ మాట నమ్ముడు బంద్ చేసిన. ఏ నంబర్ వేలు అని అడుగుడు లేదు, ఏ జాగల పడ్డది అనే చూసుడు. బళ్లె సార్ లెక్క ప్రతిసారి హాజరు పిలుచుడు, తెర మీద లేని వేలి మోత ఆపుడు. ఫోన్ నడుమల ఇడిసిపెడితే అంతా చుప్. అగో, బాపు వేళ్లు ఉరికినయి! నేను ఇల్లంత దుంకిన.

ఒక్క దయ్యం మాత్రం పోలే. సిర్ర దెబ్బ పడ్డప్పుడల్ల దాని ఎన్క చిన్నగ "టక్" అని ఇంకోటి. ఒక్క వేలును ఫోన్ రెండని లెక్కపెడుతుందేమో అనుకొని, దగ్గర దగ్గర పడ్డయి కలిపిన, వెంటవెంటనే పడ్డయి ఇడిసిన. ఊహూ. గీలోపల ఈశ్వరయ్య మామ బిడ్డ పెండ్లి రానే వచ్చింది.

బారాత్‌కు ముందు పోశం కాకోళ్లు గడ్డి మంటేసి డప్పులు కాపుతుండ్రు. నేను స్పీకర్ వైరు సర్ది ఎన్కకు తిరిగితే ఏమున్నది, బాపు గూడ వరుసల కూసొని ఫోన్‌ను మంటకు కాపుతుండు!

"బాపూ! ఏం జేస్తున్నవే!"

"కాపకుంటె మోగుతదా?" అన్నడు. అంతల తెలివికొచ్చి నాలిక కరుసుకున్నడు.

ఫోన్ కాలిపోతుంది. ఎవ్వరు ముట్టకున్నా దానంతట అదే డబడబ కొట్టుకుంటుంది. "మీ అయ్య డప్పుకు పూనకం వచ్చింది!" అని పోశం కాక పడి పడి నవ్విండు. నాకు ఏడుపొక్కటే తక్కువ. ఉరికి పోయి మామోళ్ల కూలర్ ముందల పెట్టి, చల్లారినంక తెర తుడిచి ఇచ్చిన.

బాపు కొట్టిండు తమ్మీ! పెండ్లికొడుకు దోస్తులు దుమ్ము లేపుకుంట ఎగిరిండ్రు. పోశం కాక జట్టంత బాపు దరువు పట్టుకొని నడిచింది. అవ్వ కొంగు నోట్ల పెట్టుకొని నిలవడ్డది.

ఇగ దాసిన ముచ్చట చెప్త, కోపం చెయ్యకు. ఆ యాప్‌ల చప్పుడు నీది. ఫౌజ్‌కు పోయేముందు మన ఇంటి దాబా మీద నువ్వు కొడితే వీడియో తీసిన కదా, దాంట్లకెల్లి దెబ్బలు కోసుకున్న. నిన్నడగలే. బాపుకేమో ఇంటర్నెట్‌ల దొరికిందని చెప్పిన. ఒక్క మాట చెప్పకుండ భర్తీ అయినవని నీ పేరే ఎత్తని మనిషి, నీ డప్పని తెలిస్తే ముట్టుకుంటడా?

బారాత్ అయినంక అన్న, "బాపూ, ఎన్క టక్ అంటుంది సూడు, అది ఫోన్ తప్పు. రేపు తీసేస్త."

బాపు తెర మీద ఒక్క దెబ్బ కొట్టి, స్పీకర్ దిక్కు చెవి పెట్టిండు.

"ఫోన్ తప్పు కాదే. సిర్ర పడంగనే సిటికెన పుల్ల తోలుకు తాకుతుంది. వాడు చిన్నప్పటికెల్లి గంతే, ఎంత చెప్పినా వినడు."

నేను వేళ్లనే అనుమానించిన గని, చప్పుడును విడిగ విననే లేదు.

"నీకు ఎప్పుడెరికైంది బాపూ?"

"మొదటి దినమే."

"మరి... తీసెయ్యాల్నా?"

ఫోన్ జేబుల పెట్టుకున్నడు. "వద్దు బిడ్డా, ఉండనియ్" అన్నడు.

ఇట్లు,
నీ ఒక్కగానొక్క అక్క,
వనిత