కంపెనీ కాగితంలో నాయన పేరు

మైదుకూరు, 1938, కార్తీక బహుళ తదియ

రంగూన్ వకీలు కాగితాలు తిప్పి పంపాడు. పసుపు వ్యాపారానికి అక్కడ లిమిటెడ్ కంపెనీ పెట్టాలని దరఖాస్తు రాసి, వాటాదారుల్లో మొదటి పేరు నాయనది పెట్టాను. ఆయన పేరు పైన లేకుండా మా కొట్టులో ఏ కాగితమూ కదలదు. ఆయన పోయి మూడేళ్లయినా రసీదుల మీద ఆయన సంతకం నేనే చేస్తున్నాను. ఇక్కడ అడిగినవాడు లేడు. బర్మా వేరు దేశమయ్యాక అక్కడ మేం పరాయివాళ్లం, అన్నీ అడుగుతారు. మొదటి పేరున్న ఈ పెద్దమనిషి స్వయంగా సంతకం చేసి పంపాలని వకీలు రాశాడు.

"ఈడ పెడతానే ఉండావు గదన్నా, దాని మీదా నువ్వే పెట్టు," అన్నాడు తమ్ముడు.

పరాయి దేశంలో దొంగ సంతకం పెడితే జైలేనన్నాను.

అమ్మ వింటూనే ఉంది. "అయితే మీ నాయన పేరు కొట్టేస్తావా?" అంది.

భోజనాలయ్యాక ఆ పేరు మీద గీత గీశాను. పక్కన కారణం రాయాలి. 'చనిపోయారు' అని నా చేత్తో రాయడం ఇదే మొదటిసారి. సిరా ఎప్పుడో ఆరింది, కాగితం మడవబుద్ధి కాలేదు.

పొద్దున కొట్టు తెరిచాక మొదటి రసీదు మీద ఎవరి సంతకం పెట్టాలి?