ఎడమ పక్క గోడ

అక్కా,

బావ నడుంనొప్పి తగ్గిందా, నువ్వెలా ఉన్నావు అని అడిగి అసలు సంగతికి రావాలి. ఇవాళ నాకంత ఓపిక లేదు. కాలు కాలిన పిల్లిలా ఇల్లంతా తిరిగి ఇప్పుడే కూర్చున్నాను. కూర్చున్నానన్న పేరే కానీ ఈ నాలుగు ముక్కలు రాసేలోపు రెండుసార్లు లేచాను.

మా హైస్కూలు బాగుచేయిస్తున్నారని రాశాను కదా. గోడలూ కిటికీలూ అయిపోయాయి, ఇప్పుడు సామాన్ల వంతు. పాత బెంచీలన్నీ తీసేసి చక్రాల బల్లలు తెస్తున్నారు. ఒక్కొక్కరికి ఒక్కో బల్ల. నాలుగు దగ్గరికి తోస్తే ఒకే పెద్ద బల్ల అవుతుంది, వద్దనుకుంటే ఎవరిది వాళ్ళు లాక్కుపోవచ్చు. నాలుగు గోడలకీ బోర్డులే. గదికి ముందూ వెనకా ఉండదట, టీచరు పిల్లల మధ్య తిరుగుతూ చెప్పాలట. తనకంటూ బల్ల కావాలంటే అడగాలి. సామాన్లు అమర్చే ఆవిడ టేపు పట్టుకుని గదిగదికీ వచ్చింది. నా దగ్గరా కూర్చుని, "మీరు ఎక్కడ నిలబడి పాఠం చెప్తారు మేడం?" అని అడిగింది. నాకు ఎక్కడైనా ఒకటేనండీ అన్నాను. ఆవిడ సంతోషంగా రాసుకుని వెళ్ళిపోయింది. దాంతో నా బల్ల జాబితాలోంచి ఎగిరిపోయింది.

నేను చెప్పింది పచ్చి అబద్ధం. పంతొమ్మిదేళ్ళుగా నా బల్ల ఎడమ గోడకి ఆనుకునే ఉంది. ఆ గోడ పక్కన నిలబడితే పిల్లలంతా నాకు కుడివైపే ఉంటారు. చిన్నప్పుడు జ్వరంలో పోయిన ఎడమ చెవి, ఉద్యోగంలో చేరేముందు వైద్యంతో బాగయిందని నీతో చెప్పాను చూడు, అది బాగవలేదు అక్కా. నరమే చచ్చుబడింది, మిషన్ పెట్టినా లాభం లేదని డాక్టరు అప్పుడే అన్నాడు. ఉద్యోగం ఇవ్వరేమోనన్న భయంతో దాచాను. తర్వాత దాచడమే అలవాటైపోయింది. నీ దగ్గర కూడా దాచానన్నది మాత్రం ఇన్నేళ్ళూ గుచ్చుకుంటూనే ఉంది.

స్టాఫ్ రూంలో నా లెక్కల క్లాసుకి పెద్ద పేరు. మిగతా క్లాసుల్లో గోల చేసే పిల్లలే నా దగ్గర లేచి నిలబడి, నా మొహంలోకి చూసి, ఒకరి తర్వాత ఒకరు మాట్లాడతారు. నేనంటే వాళ్ళకి హడలని గొప్పలు కూడా చెప్పుకున్నాను. ఇప్పుడా గోడ పక్క చోటు పోతే నా బండారం బయటపడుతుంది. ఏం చెయ్యాలో తోచడం లేదు.

నీ చెల్లెలు


కోపిష్ఠి అక్కకి,

నీ ఉత్తరం అందింది, తిట్లన్నీ చదివాను. చెవి బాగవలేదన్న సంగతికి మాత్రం ఆశ్చర్యపోయినట్టు ఒక్క ముక్క లేదు. హెడ్మిస్ట్రెస్‌తో చెప్పెయ్యమని చెవిలో ఇల్లు కట్టుకుని పోరుతున్నావు. ఏ చెవిలో కట్టుకున్నావో కాస్త చూసుకో. వినపడని టీచరని ఒకసారి ముద్ర పడిందంటే, ఆ తర్వాత ఏ పిల్లకి మార్కులు తగ్గినా నా చెవి వల్లే అంటారు.

శుక్రవారం కొత్త గదిలో మొదటి క్లాసు, పదో తరగతికి. పిల్లలు బల్లలు తోసుకుంటూ గదంతా పరుచుకున్నారు. నేను మధ్యలో నిలబడ్డాను. ఎటు తిరిగినా సగంమంది ఎడమవైపే. బొంగరంలా తిరిగాను. తిరిగేకొద్దీ చెప్పేది మర్చిపోయాను. ఈ ఏడే వేరే స్కూలు నుంచి వచ్చి చేరిన అబ్బాయి ఒకడున్నాడు. నేను బోర్డు మీద రాస్తుంటే నా ఎడమ పక్క నుంచి ఏదో అడిగాడట. ఒకసారి కాదు, మూడుసార్లు. నేను నా మానాన రాసుకుంటూ పోయాను. ఇటు తిరిగేసరికి వాడి మొహం ఎర్రగా కందిపోయింది. పుస్తకం మూసేసి కూర్చున్నాడు. మిగతావాళ్ళు ఒకరి మొహాలొకరు చూసుకుంటున్నారు. నాకు తల కొట్టేసినట్టయింది.

నన్ను ఎవరేమన్నా పడతాను. కానీ టీచరు తనని లెక్కచెయ్యలేదని ఒక పిల్లవాడు అనుకుంటూ ఇంటికి పోవడం, అది భరించడం నావల్ల కాదు. రాజీనామా రాసి సంచిలో పెట్టుకున్నాను. సోమవారం క్లాసు అయ్యాక ఇచ్చేస్తాను. ఇంకా ఆరేళ్ళ సర్వీసు ఉందని నాకూ తెలుసు. నన్ను ఆపాలని మళ్ళీ రాయకు.

నీ మొండి చెల్లెలు


నా ఎడమ పక్క మనిషికి,

సోమవారం ఆ గది గుమ్మంలోనే ఆగిపోయాను. ఎడమ గోడకి ఆనించి ఒక బల్ల ఉంది, దాని చక్రాలకి బ్రేకులు వేసి ఉన్నాయి. మిగతా బల్లలన్నీ దానికి కుడివైపు అర్ధచంద్రంలా సర్దారు. ఎవరు పెట్టమన్నారని గట్టిగానే అడిగాను. ఎప్పుడూ చివర కూర్చునే పొడుగమ్మాయి లేచింది. తిథీ వారం చెప్పినంత మామూలుగా చెప్పింది.

"మీకు ఎడమవైపు వినపడదు కదా టీచర్. లెక్కల క్లాసులో లేచి నిలబడి, మొహం కనపడేలా మాట్లాడాలని మా అక్క చెప్పింది. అక్కకి వాళ్ళ సీనియర్లు చెప్పారంట. వీడు కొత్తగా వచ్చాడు కదా, వీడికి చెప్పడం మర్చిపోయాం. తప్పు మాదే టీచర్."

ఆ కొత్త అబ్బాయి లేచి, నా మొహంలోకి చూసి, శుక్రవారం నాటి సందేహం మళ్ళీ అడిగాడు. చెప్పాను. అర్థమైందన్నాడు, కూర్చున్నాడు.

ఏడుపు కంటే ముందు నాకు కోపమొచ్చింది అక్కా. పంతొమ్మిదేళ్ళ నా క్రమశిక్షణ ఏమైనట్టు? హడలూ లేదు, పాడూ లేదు. నేను వాళ్ళని అదుపులో పెట్టాననుకుంటుంటే, వాళ్ళు ఒక బ్యాచి ఇంకో బ్యాచికి నన్ను అప్పగించుకుంటూ వచ్చారు. నన్ను సాకుతూ, నా చేత తిట్లు కూడా తిన్నారు. బోర్డు వైపు తిరిగి చాలాసేపు ఏదో రాస్తున్నట్టు నటించాను. అప్పుడు మాత్రం ఎవరూ ఏమీ అడగలేదు.

మధ్యాహ్నం సామాన్లావిడ చక్రాలు చూడ్డానికి వచ్చింది. నేనే ఆపి, ఆ రోజు మీతో అబద్ధం చెప్పానన్నాను. ఎందుకో కూడా చెప్పాను. ఈ అమరిక గీసివ్వండి, ఇలాగే ఉంచేద్దాం అంది. సంచిలో దొరికిన ఒకే ఒక్క కాగితం వెనక గోడా, బల్లా, అర్ధచంద్రమూ గీసిచ్చాను. ఆవిడ తిప్పి చూసి ఇదెవరికి ఇవ్వాలి మేడం అనేసరికి కానీ అది నా రాజీనామా అని గుర్తు రాలేదు. ఎవరికీ అక్కర్లేదు, మీ దగ్గరే ఉంచండి అన్నాను. రేపు హెడ్మిస్ట్రెస్‌తో చెప్తాను. ఆవిడకీ ముందే తెలుసేమోనని ఇప్పుడు కొత్త బెంగ పట్టుకుంది.

ఒక సంగతి నిన్నటి నుంచి నన్ను కుదురుగా ఉండనివ్వడం లేదు. అటు నుంచి బండి వస్తే నాకు వినపడదని, చిన్నప్పుడు రోడ్డు మీద నువ్వెప్పుడూ నా ఎడమ పక్కనే నడిచేదానివి. చెవి బాగయిందని చెప్పాక కూడా అటే నడిచావు. పోయిన సెలవుల్లోనూ అటే నడిచావు. అంటే నా అబద్ధాన్ని నువ్వు ఒక్కరోజు కూడా నమ్మలేదన్నమాట.

ఈసారి వచ్చినప్పుడు నా కుడి పక్కన నడువు. ఇన్నేళ్ళూ నువ్వు చెప్పిన కబుర్లకి ఊఁ కొట్టానే కానీ, సగం వినలేదు. మళ్ళీ మొదటి నుంచి చెప్పు.

నీ చెల్లెలు