‘మాయమ్మ’కు వేసిన సున్న

నాలోని పంతులుగారికి నమస్కారములు. తేదీ, ఊరు రాయను. ఈ డైరీ పుట వాటికి గౌరవం కాదు.

సాయంత్రం మల్కాపురం నుంచి నా పూర్వవిద్యార్థిని నూకరత్నం వచ్చింది. రేవులో క్రేను బరువులు కూడే కంప్యూటరు ప్రోగ్రాము ఆమె రాసినదే. నిన్న ఆ కూడిక తప్పి, గొలుసు తెగి, ఒక కూలీ కాలు పోయింది. రేపు విచారణ. తప్పు ఆమెదని తేలితే ఉద్యోగం ఉండదు. సంజాయిషీ రాసిపెట్టమంది.

“మాస్టారూ, ప్లస్ గుర్తుకి నాను సెప్పిన అర్థమే నా కంపైలర్, అదే నా రాతని మిషనుకి అర్థం సెప్పేది, తీసుకుంది. రేవులో కంపైలర్ ఇంకో సోట ఎతికి ఏరే అర్థం తీసుకుంది. ఇందల నా తప్పేటండి?”

“ముందు ‘నేను’ అను. సరిగా రాసినదానికి రెండర్థాలుండవు” అన్నాను.

“అప్పుడూ ఇలాగే అన్నారు మాస్టారూ” అని లేచి వెళ్ళిపోయింది.

ఆమె ఎనిమిదో తరగతి పరీక్షలో ‘మాయమ్మ’ను విడదీయమన్నాను. ‘మాయ + అమ్మ’ అని రాసింది. నాకు కావలసినది ‘మా + అమ్మ’, సున్న వేశాను. రెండూ సాధురూపాలేనని ఆ వారమే గ్రహించాను. దిద్దలేదు.

కూలీ కాలు ఏ వ్యాకరణంతోనూ తిరిగిరాదు. ఆమె మాట విచారణలో నిలుస్తుందో లేదో...

పంతులుగారూ, తెల్లవారగానే ఆమె ఇంటి గుమ్మంలో నిలబడి ఈ పుటను బిగ్గరగా చదవ ప్రార్థన. ‘మాయమ్మ’ దగ్గర గొంతు తగ్గించవద్దు.