తెర వెనక నుంచి చూసిన సినిమా

ఈ కింద సంతకం చేసిన నేను, వృత్తిరీత్యా దర్జీని, బజారు చివర కుట్టుకొట్టు యజమానిని, తెలివిలో ఉండి, ఎవరి బలవంతమూ లేకుండా రాయిస్తున్న ఆఖరి వీలునామా ఇది. గుండె విషయంలో డాక్టరు చేతులెత్తేశాడు గానీ బుద్ధికి ఢోకా లేదని కాగితం ఇచ్చాడు. దీనికి ముందు రాసినవేవీ చెల్లవు. దీన్ని అమలు జరిపే బాధ్యత మా అక్క కూతురిది.

1. కొట్టు, మిషన్లు, ఇల్లు నా కొడుక్కి చెందుతాయి. అమ్ముకుంటాడని తెలుసు. అమ్ముకోనీ. నేను కుట్టిన చొక్కా ఒక్కటీ ఒంటిమీద వేసుకోనివాడికి మిషన్ల మీద మమకారం ఎక్కణ్ణుంచి వస్తుంది?

2. నా పెద్ద కత్తెర మా వియ్యంకుడికి. పెళ్ళిలో నేను కుట్టిన కోటు బిగుతుగా ఉందని పదిమందిలో అన్నాడు. కోటు సరిగ్గానే ఉంది, పొట్టే పెరిగింది. ఇకమీదట ఆయన కొలతకు ఆయనే కత్తిరించుకోవచ్చు.

3. కొట్టులోని నిలువుటద్దం మా అక్కకు. ఇది మాత్రం వివరంగా రాయించాలి, వకీలు గారు విసుక్కోకూడదు.

మా అమ్మ సినిమాహాలు ఊడ్చేది. టిక్కెట్టు లేకుండా హాల్లో కూర్చుంటే గేటుకీపరు ఊరుకునేవాడు కాదు. అందుకని మమ్మల్ని తెర వెనక చెక్కల మీద, స్పీకరు పెట్టె పక్కన కూర్చోబెట్టేది. ఊరంతా ఏడుస్తూ నవ్వుతూ మళ్ళీ మళ్ళీ చూసిన ఆ కుటుంబ చిత్రాన్ని మేం అటువైపు నుంచి చూశాం. అందులోని ఇల్లు, మెట్లు, అన్నీ మాకు కుడిఎడమలు తారుమారు. తల్లి పాత్ర పిల్లలకు ఎడమచేత్తో వడ్డించేది. “ఆవిడకి కుడిచెయ్యి నొప్పేమోరా” అనేది అక్క. ఆ తల్లి ఇల్లు విడిచి వెళ్ళే చోట నేను వెక్కివెక్కి ఏడుస్తానని, “చూడకురా, మళ్ళీ వచ్చేస్తుందిగా” అంటూ అరచేత్తో నా కళ్ళు మూసేది. అమ్మతోపాటు తనూ ఊడ్చేది కాబట్టి ఆ చేతికి చీపురు వాసన. వేళ్ళ సందుల్లోంచి నేను చూసేవాణ్ణి. అది అక్కకూ తెలుసు.

ఇప్పుడు అక్కకు మతిమరుపు జబ్బు. కన్నకూతుర్నే పోల్చుకోలేదు. నన్ను “కొలతలాయన” అంటుంది. టీవీలో ఆ సినిమా పెడితే “ఇది కాదు, ఇది వేరేది” అని కసురుకునేది. ఎన్నిసార్లు పెట్టినా అదే వరస. ఒకరోజు కొట్టులోని టీవీలో ఆ సినిమా వస్తూంటే, అక్క టీవీకి వీపు పెట్టి నిలువుటద్దంలోకి కదలకుండా చూస్తోంది. అద్దంలో ఆ తల్లి ఎడమచేత్తో వడ్డిస్తోంది. “చెయ్యి ఇంకా తగ్గలేదు పాపం” అంది అక్క. నాకు ఏడుపు ఆగలేదు.

కంప్యూటర్లో బొమ్మను తిప్పి ఇస్తానన్నాడు నా కొడుకు. వాడికి తీరిక చిక్కేలోపు మాకు కాలం తీరేలా ఉంది.

4. అద్దాన్ని టీవీకి ఎదురుగా నిలబెట్టాలి. అక్క కుర్చీ కాస్త పక్కకు, అద్దం వైపు తిప్పి వెయ్యాలి. వారానికోసారైనా ఆ సినిమా పెట్టాలి. అద్దం మీద బట్టలు ఆరెయ్యకూడదు.

5. అక్కకు ఎడమపక్కన ఎవరో ఒకరు కూర్చోవాలి. ఆ తల్లి గడప దాటేటప్పుడు, అక్క చూపు అద్దంలోనే ఉంటుంది గానీ చెయ్యి పక్కకు వస్తుంది. నేనెవరో తెలియదు, అయినా సూటిగా నా కళ్ళమీదికే వస్తుంది. నేను పోయాక ఆ చెయ్యి ఎవరికోసం వస్తుందన్నదే నా దిగులు. ఇది వీలునామాలో రాసే ఆస్తి కాదని, ఎవరినీ ఇలా కట్టడి చెయ్యలేమని వకీలు గారు అన్నారు. నిజమే. నాకు వేరే దారి తోచక రాయిస్తున్నాను.

అమ్మాయీ, నువ్వే కూర్చో. నీకు వీలుపడని రోజు నా కొడుకును బతిమాలుకో. ఆ చెయ్యి గాలిలో తడుముకోకూడదు. నీ కళ్ళు మూసినప్పుడు ఆ చెయ్యి తియ్యకు. “మళ్ళీ వచ్చేస్తుందిగా” అంటుంది. కన్నతల్లిని అక్కా అని పిలవడం నీకు ఎంత కష్టమో నాకు తెలుసు. అయినా ఆ ఒక్క మాటకు నా బదులు “అవునక్కా” అను.

చదివించుకుని విని, సరేననుకుని, సాక్షుల ఎదుట చేసిన సంతకం.

తేదీ: 2014 మార్చి 9, ఆదివారం

(సంతకం) దర్జీ, వీలునామా కర్త

సాక్షులు:
1. పక్క కొట్టు గడియారాల మేస్త్రీ
2. వకీలు గారి గుమాస్తా