కొత్త కోడలి కాన్నుంచే మొదలు

గరిడేపల్లిల అక్కకు, చెల్లె సుజాత దండాలు వెట్టి రాసేది.

అక్కా, నీ మోకాళ్ల నొప్పి తగ్గిందా? బావ, పిల్లలు మంచిగున్నరా? కాల్వకు నీళ్లొదిలిండ్రా, నాట్లు ఎంతదాంక వచ్చినయ్? నేను మంచిగనే ఉన్న, రంధి వెట్టుకోకు. ఫోన్ల ఈ ముచ్చట చెప్దామంటే "సరే గని, తిన్నవా" అని మాట మారుస్తవ్. అందుకే రాస్తున్న. తింటున్న తల్లీ, తింటున్న.

ఐర్లాండుల వాన మన ముసురు లెక్క కాదు, పొద్దుందాక మొకం మీద సల్లినట్టే ఉంటది. కూరల్ల కారం ఉండదు. ఆదివారమొస్తే పలకరిచ్చే దిక్కు లేక నాతోని నేనే మాట్లాడుకుంట.

కొలువు సంగతి నీకు అబద్ధం చెప్పిన. మంచిగుందన్న గదా, లేకుండె. నెలాఖరుకు పని తేలకపోతే కొలువు పొడిగియ్యనన్నడు మా సారు. ఇగ సామాన్లు సదురుకొని వచ్చుడే అనుకున్న.

పనేందంటే, కంప్యూటర్‌కు మూడు మూడు ముక్కల్ల సంగతులు చెప్తం. "సుజాత తల్లి లచ్చమ్మ." "లచ్చమ్మ తమ్ముడు ఎంకన్న." మల్ల ఒక రూల్ చెప్తం: తల్లి తమ్ముడు మేనమామ. ఇగ "సుజాత మేనమామ ఎంకన్న" అని అదే తేల్చుకోవాలె. చెప్పని సంగతి గూడ తేల్చుకుంటదా అని మొదటిసారి సూసి నోరెళ్లబెట్టిన. కని ఇంటర్నెట్ల అసొంటి ముక్కలు లెక్కలేనన్ని. పొద్దున మొదలువెడితే తెల్లారి పొద్దటికి గూడ ఒడువదు. ఒక్క కొత్త సంగతి తేలంగనె మల్ల మొదటికి పోయి పాతయన్ని తవ్వుతది.

"ఓ పిచ్చిదానా, తేలినదాన్ని ఎన్నిసార్లు తేలుస్తవే" అని కంప్యూటర్‌ను తిట్టిన. తిట్టంగనె నీ గొంతు యాదికొచ్చింది. మిర్యాలగూడల చిన్నమ్మ కొడుకు పెండ్లి యాదుందా? కొత్త కోడలు అంత మందిని సూసి బెదిరితే, నువ్వు పక్కన కూసోని "ఈమె నీకు పెద్దత్త, గాయన బావ" అని సిటికెల చెప్పినవ్. ఎట్ల తెలుస్తదే అని నేనడిగితే ఏమన్నవ్? "పాతోళ్ల వరసలు ఎప్పుడో తేలినయ్, మల్లెందుకు తవ్వుడు? కొత్త పిల్ల యాడ తగుల్తదో గదొక్కటే సూడాలె. ఆడికెళ్లి కొత్తగ ఏం తేల్తదో దాని ఎనకవోవాలె. కొత్తది తేలుడు ఆగిందా, ఖతం."

అక్కా, గదే కంప్యూటర్‌కు రాసిన. ప్రతి సుట్టుల కొత్తగ తేలినయే పట్టుకొమ్మన్న. నడిపిచ్చి, చాయ్ తెచ్చుకున్న. తాగకముందే పని ఒడిసింది! నమ్మబుద్ధి కాక, సంగతుల చిన్న మూట ఒకటి తీసుకొని పాత తీరుగ, కొత్త తీరుగ రెండు సార్లు నడిపిన. ఒక్క జవాబు తేడా లేదు.

కొలువు పొడిగిచ్చిండు సారు. ఈ ఉపాయం పెద్ద పెద్దోళ్లు ఎప్పుడో పుస్తకాలల్ల రాసిండ్రట, నేనే సదవలే. మరి ఆరో తరగతి కాడ బడి బంద్ జేసినదానివి, నీకెవరు చెప్పిండ్రే? సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ, మూడూర్ల సుట్టాలు ఒక్క తలకాయల ఎట్ల వట్టిండ్రే?

ఇగ ఒకటి ఒప్పుకోవాలె. నేను సూర్యాపేట హాస్టల్ల ఉన్నప్పుడు నువ్వు పచ్చడి వట్టుకొని వచ్చినవ్. నా రూంల ఉండే కోదాడ పిల్ల రమను "మీ అమ్మది ఏ ఊరు బిడ్డా, మీ ఇంటిపేరేంది?" అని అడగవట్టినవ్. నాకు సిగ్గనిపిచ్చి, "గియన్ని ఎందుకే ఊరిదాని లెక్క" అని చెయ్యి వట్టి బయటికి గుంజుకొచ్చిన. నువ్వు నవ్వుకుంటనే బస్సెక్కినవ్. ఇప్పుడా నవ్వు యాదికొస్తే ఏడుపొస్తున్నది. తప్పయింది అక్కా.

మీ అత్తమ్మకు, మన పెద్దబాపుకు నా దండాలు చెప్పు. ఎవరన్న ఇటు వస్తే జర కారంపొడి పంపు, డబ్బా అడుగువట్టింది. ఎండకాలం నేను వస్తున్న. రమ ఇప్పుడు హుజూర్‌నగర్ల ఉంటున్నదట, ఇద్దరం పోదాం. ఆనాడు నేను సగంల ఆపిందాన్ని నువ్వు మల్ల అడుగు. నేను పక్కన కూసోని వింట. ఇన్నేండ్లయినా ఆ పిల్ల మనకేమైతదో నాకు తెల్వది.

సల్లగుండుమని దీవించు.

నీ చెల్లె,
సుజాత