తరిగే చెక్క వెనకవైపు

ప్రియమైన అత్తయ్యకు,

మీరు పురిటిసాయానికి వెళ్ళిన చోట వదినా, చంటిదీ కులాసాగా ఉన్నారని మీ అబ్బాయి చెప్పారు. ఫోనులో మీ గొంతు వింటే నేను అసలు విషయం మింగేసి, చంటిది పాలు తాగుతోందా అని అడిగి పెట్టేస్తున్నాను. అందుకే కాగితం పట్టుకున్నాను.

రెండు నెలల క్రితం వచ్చిన జ్వరం తగ్గింది గానీ, పోతూ పోతూ నా ముక్కును వెంట తీసుకుపోయింది. ఏ వాసనా తెలియడం లేదు. ఒకరోజు పొయ్యి మీద పాలు మాడిపోతుంటే పక్కనే నిలబడి ఉల్లిపాయలు కోస్తున్నాను. మీ అబ్బాయి వీధి గుమ్మంలోంచి పరుగెత్తుకొచ్చారు. ఏదో పరధ్యానం అని సర్దేశాను. ఇరవై ఏళ్ళు మీరు నడిపిన ఆసుపత్రి వంటశాల నా చేతికొచ్చి ఏడాది కాలేదు. వాసన తెలియని వంటమనిషిని ఎవరు ఉంచుకుంటారని భయపడి నోరు కుట్టేసుకున్నాను.

పోయిన వారమంతా ముసురు. తరిగే చెక్కలు నిలబెట్టే స్టాండు విరిగితే, కడిగినవి కడిగినట్టే ఒకదాని మీద ఒకటి పేర్చమన్నాను. పేర్చమన్నది నేనే, అత్తయ్యా. నాలుగో రోజు అడుగున ఉన్న పెద్ద చెక్క లాగి, దాని మీద రోగుల కోసం పళ్ళు కోశాను. వడ్డించే ఆవిడ పళ్ళేలు అందుకుంటూ, "ఈ ముక్కలు చెమ్మగోడ వాసనొస్తున్నాయండీ, మీకు తెలియడం లేదా?" అంది. చెక్క తిరగేస్తే వెనకంతా నల్లటి బూజు, అంచుల్లో ఆకుపచ్చగా. నలభై పళ్ళేల ముక్కలూ చెత్తడబ్బాలోకి పోయాయి. ఒక్క ముక్కా ఎవరి నోట్లోకీ వెళ్ళలేదు, అదే పదివేలు.

అంతటితో అయిపోతే మీకు రాయకపోదును. మేనేజరుగారు వచ్చి, చెక్కలు ఎవరు ఆరబెట్టలేదని అడిగారు. అందరూ గిన్నెలు తోమే పెద్దమ్మ వైపు చూశారు. నేనూ చూశాను. "కడిగింది నేనే బాబూ, తర్వాత..." అంటూ ఆవిడ నా వంక చూసింది. నేను తల దించుకుని కత్తులు సర్దుతూ ఉండిపోయాను. మర్నాటి నుంచి ఆవిడను దుప్పట్లు ఉతికేచోటికి మార్చేశారు. ఆ నడుము నొప్పితో తడి దుప్పట్లు మోస్తోంది.

రాజీనామా రాసి పెట్టుకున్నాను. సోమవారం ఇచ్చేసి, ఎవరికీ ఏమీ చెప్పకుండా బయటపడదామని ఉంది. తిట్టినా సరే, మీకు మాత్రం తెలియాలనిపించింది.

మీ కోడలు

బంగారు తల్లీ,

ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటిసారి కోపం వచ్చింది, రెండోసారి నువ్వు పక్కనుంటే బాగుండుననిపించింది. రాజీనామా ఇచ్చేస్తే నీకు హాయి. దుప్పట్ల దగ్గరున్న ఆవిడకు ఒరిగేదేమిటి? పెద్దమ్మను వెంటబెట్టుకుని మేనేజరు దగ్గరికి వెళ్ళు. ఆవిడ ఎదురుగానే జరిగింది జరిగినట్టు చెప్పు.

ఇక ముక్కు సంగతి. చెక్కల గురించి నిన్ను ఎంత సతాయించాను. కడిగిన వెంటనే రెండువైపులా పొడిగుడ్డతో తుడవాలని, గాలి ఆడేలా విడివిడిగా నిలబెట్టాలని, వారానికోసారి ఉప్పు చల్లి నిమ్మచెక్కతో రుద్దాలని, పూర్తిగా ఆరాకే నూనె పట్టించాలని. కత్తి పట్టేముందు వెనకవైపు చూడాలని, చెంపకు ఆనిస్తే లోపలి చెమ్మతో చల్లగా తగిలిన చెక్కను పక్కన పెట్టాలని. చాదస్తమని నువ్వు మీ ఆయనతో అనడం విన్నానులే. వాడు పుట్టిన ఏడాది నాకూ నీలాగే జ్వరం వచ్చింది. ముక్కు పోయింది, మళ్ళీ రాలేదు. దాని పని కళ్ళకీ చేతులకీ చెంపకీ అప్పజెప్పుకున్నాను. నీ తప్పు వాసన తెలియకపోవడం కాదమ్మా, తిరగేసి చూడకపోవడం.

కానీ నాలా దాచకు. ఇన్నేళ్ళూ ప్రతి గిన్నె మూత భయపడుతూనే తీశాను. మీ మామయ్యకైనా చెప్పలేదు. ఇక్కడ అందరూ చంటిదాని తల మీద ముక్కు ఆనించి, పాలవాసనంటూ మురిసిపోతారు. నేనూ ఆనించి తల ఊపుతాను. నీ ఉత్తరం చదివాక మీ వదినతో చెప్పేశాను, నాకేమీ తెలియడం లేదే అని. అది వెంటనే చంటిదాన్ని తెచ్చి నా ఒళ్ళో పడుకోబెట్టింది.

డాక్టరుకు చూపించుకో. కొందరికి తిరిగొస్తుందట.

నీ అత్తయ్య

అత్తయ్యా,

సోమవారం పొద్దున్నే వెళ్ళి పెద్దమ్మను పిలిచాను. ఎందుకని అడగకుండా వెంట వచ్చింది. మేనేజరుగారికి అన్నీ చెప్పాను, ముక్కు సంగతితో సహా. ఆయన నన్ను పనిలోనే ఉండమన్నారు. నేను వండిన ప్రతిదీ మరొకరు వాసన చూశాకే గది దాటాలన్నారు. పెద్దమ్మను వెనక్కి రప్పించారు. అందరి ముందూ ఆవిడను క్షమించమని అడిగాను. ఆవిడ కొంగు దోపుకుని గిన్నెల దగ్గరికి వెళ్ళిపోయింది.

రెండు రోజులు నాతో మాట లేదు. చెక్కలు తుడిచి, బాగుచేయించిన స్టాండులో నిలబెట్టి, తన మానాన తాను వెళ్ళిపోయేది. మూడో రోజు నేను ఒక చెక్క చెంపకు ఆనించుకుని, చల్లగా ఉందో లేదో తేల్చుకోలేక నిలబడ్డాను. పెద్దమ్మ వచ్చి దాన్ని నా చేతిలోంచి తీసుకుని, ముక్కు దగ్గర పెట్టుకుని గట్టిగా పీల్చింది.

"బాగానే ఉంది, కొయ్యమ్మా," అంది.

ప్రేమతో,
మీ కోడలు